జెల్ల ముల్లూ, విజయరాయి గంటా

తాడేపల్లిగూడెం,
మాఘమాసం.

అక్కా,

రైలెక్కే ముందు నువ్వడిగిన మాట మరిచిపోలేదు. "ధ్యానంతో తలపోటును ఆపేస్తారంట, నిజమో కాదో కనుక్కునిరా" అన్నావు. కనుక్కున్నాను. అయితే జవాబు ఒక్క ముక్కలో చెప్పేది కాదు. నిన్న పొద్దున కొల్లేట్లో నాకు జరిగింది ముందు రాస్తాను. అక్కడి నుంచి పది రోజులు వెనక్కి పోతాను.

తెల్లవారకముందే కైకలూరు పక్కనున్న ఆటపాకకు చేరాం. ఆరువందల అడుగులు బోరు దింపినా దుమ్ము తప్ప తడి తగలని నేలలో పుట్టినవాళ్లం మనం. ఇక్కడ చూపు ఆనినంత మేరా నీళ్లే. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో పరుచుకున్న సరస్సిది. బుడమేరూ తమ్మిలేరూ తెచ్చి పోస్తాయి, ఉప్పుటేరు సముద్రంలోకి తీసుకుపోతుంది. ఐదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లను 1999లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సార్ చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. చేపల చెరువుల కోసం సరస్సు కడుపులోనే వేసిన గట్లను 2006లో పగలగొట్టించారు. అయినా ఏలూరు నుంచి కారులో వస్తుంటే రోడ్డుకు రెండు వైపులా చెరువులూ, గట్లూ కనబడుతూనే ఉన్నాయి. మనకు లేని నీళ్లను ఉన్నవాళ్లు ఇట్లా ముక్కలు చేసుకోవడం చూసి నా మనసు చివుక్కుమంది.

అటవీశాఖ పడవలో పోయి గూడబాతుల్ని చూశాం. వాటికోసం నీళ్లలో నిలబెట్టిన ఇనుప మంచెల మీద, చెట్ల మీద గూళ్లు కట్టుకుని వేల కొద్దీ ఉన్నాయి. ముక్కు కింద సంచి, దాంట్లోకి తలదూర్చి మేత లాక్కునే పిల్లలు. పక్కనే ఎర్రకాళ్ల కొంగలు ఆ చలి నీళ్లలో ఒంటికాలి మీద కదలకుండా నిలబడ్డాయి. వాటి కాళ్లకు చలి వెయ్యదా అనుకున్నాను. ఇంటికొచ్చాక తెలిసింది. పైనుంచి దిగే వేడి నెత్తురు గొట్టాలూ, కింది నుంచి ఎక్కే చల్లటి నెత్తురు గొట్టాలూ కాలిలో ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయట. దిగేది ఎక్కేదానికి వేడినిచ్చేస్తుంది. కాలు నీళ్లంత చల్లగా ఉన్నా కడుపులో వేడి తగ్గదు. ఈ సంగతి గుర్తుపెట్టుకో, తరువాత పనికొస్తుంది.

పక్షులయ్యాక ఒక లంక ఊరి దగ్గర తాటి దోనె ఎక్కాం. తాటి మొద్దును నిలువునా తొలిచి చేసిన దోనె అది. ఇద్దరం కూర్చుంటే అంచు దాకా నీళ్లొచ్చాయి. దోనె నడిపే పెద్దాయన దారిలో తన మావు ఎత్తి చూశాడు. వెదురు పుల్లలతో అల్లిన చేపల బుట్ట అది. లోపల ఏదో మిలమిలా కొట్టుకుంటోంది. చూద్దామని తొందరపడి చెయ్యి పెట్టాను. అంతే, చూపుడువేలి కణుపులోంచి మోచేతి దాకా నిప్పు ఎక్కింది.

"అమ్మగారూ, జెల్ల ముల్లండి అది. చెయ్యి ఇదపమాకండి. గంటకో గంటన్నరకో అదే దిగుద్దండి" అన్నాడు.

చెయ్యి విదిలించలేదు అక్కా. అరవలేదు కూడా. ధైర్యం ఎక్కువై కాదు. పది రోజులుగా ఏ పని నేర్చుకున్నానో ఆ పని దానంతటదే మొదలైంది. వేలిని చూడటం మొదలుపెట్టాను. కళ్లతో కాదు. మంట ఎక్కడుంది? కణుపు దగ్గర శనగగింజంత. దాని చుట్టూ వెచ్చటి వలయం. వలయం నుంచి మణికట్టు దాకా ఒక సన్నని తీగ, గుండె కొట్టుకున్నప్పుడల్లా బిగుస్తోంది. మోచేతి దగ్గర అసలేమీ లేదు. చెయ్యంతా కాలిపోతున్నట్టు మొదట అనిపించింది గానీ నిజానికి కాలుతున్నది శనగగింజంతే. తక్కినది "అయ్యో, విషమేమో, దోనెలో ఉన్నాం, ఆసుపత్రి ఎంత దూరమో, ఈ వయసులో నాకెందుకీ తిరుగుళ్లు" అన్న నా గోల. ఆ గోల సంగతి తెలిసేసరికి అది తగ్గింది. శనగగింజ మాత్రం గంటసేపు మండుతూనే ఉంది. మండుతుంటేనే నేను నీటికోళ్లను చూశాను, పెద్దాయన చెప్పిన ఉప్పుటేరు కబుర్లు విన్నాను. ఒడ్డుకొచ్చాక వేడినీళ్లలో వేలు ముంచమన్నారు. జెల్ల ముల్లు విషం వేడికి విరుగుతుందని వైద్యులు కూడా చెప్తారు. సబ్బుతో కడిగి, టీటీ ఇంజెక్షన్ వేయించుకున్నాను.

ఇప్పుడు వెనక్కి పోదాం.

ఏలూరు నుంచి చింతలపూడి దారిలో పదిహేను కిలోమీటర్లు పోతే పెదవేగి మండలంలో విజయరాయి అనే ఊరు వస్తుంది. దారి పొడుగునా పామాయిల్ తోటలూ, కొబ్బరీ, వాటి నీడన కోకో. అక్కడున్న విపశ్యన కేంద్రం పేరు ధమ్మవిజయ. పది రోజుల శిబిరానికి పేరు రాయించుకుని వెళ్లాను. వాళ్లు డబ్బు అడగరు. తిండికీ పడకకూ కూడా రుసుము లేదు. ముందు శిబిరాల్లో కూర్చుని వెళ్లినవాళ్లు ఇచ్చినదానితోనే నడుస్తుంది. ఆడవాళ్లకూ మగవాళ్లకూ వేరు వేరు వసతులు. ఫోను తీసి లోపల పెట్టేస్తారు. పుస్తకం లేదు, కలం లేదు, మాట లేదు, పక్కవాళ్ల మొహం వంక చూడటం కూడా లేదు. తెల్లవారుజామున నాలుగింటికి గంట కొడతారు. నాలుగున్నరకు కూర్చోవడం మొదలు. రాత్రి తొమ్మిది దాకా మొత్తం మీద పది గంటలకు పైగా కూర్చోవడమే. నాలాంటి కొత్తవాళ్లకు సాయంత్రం ఐదింటికి టీ, మరమరాలు, పండు ఇస్తారు. రాత్రి భోజనం ఉండదు.

ఈ పద్ధతిని మన దేశానికి తిరిగి తెచ్చిన సత్యనారాయణ గోయెంకా గురించి నీకు చెప్పాలి, ఎందుకంటే ఆయనదీ నీ జబ్బే. 1924లో బర్మాలోని మాండలేలో మార్వాడీ వ్యాపారుల ఇంట పుట్టాడు. భరించలేని పార్శ్వపు తలనొప్పి. మార్ఫిన్ ఇంజెక్షన్లు తప్ప దారి లేక, చివరికి ఆ మందుకే బానిసనవుతానేమోనని భయపడి, దేశదేశాల వైద్యుల చుట్టూ తిరిగాడు. ఎవరో చెబితే రంగూన్‌లో ఊ బా ఖిన్ అనే ఆయన దగ్గరకు వెళ్లాడు. ఆయన సన్యాసి కాదు, స్వతంత్ర బర్మా ప్రభుత్వంలో అకౌంటెంట్ జనరల్‌గా చేసిన ఉద్యోగి. తలనొప్పి పోగొట్టుకోవడానికి వచ్చానంటే ఆయన మొదట చేర్చుకోలేదట. ధర్మం ఉన్నది తలనొప్పుల కోసం కాదన్నాడట. ఆ ఉద్దేశం పక్కన పెట్టాకే 1955లో గోయెంకా కూర్చున్నాడు. 1969లో భారతదేశానికి వచ్చి నేర్పడం మొదలుపెట్టాడు. 2013లో పోయాడు. ఇప్పుడూ రోజూ రాత్రి ఆయన గొంతే రికార్డులో వినిపిస్తుంది, తెలుగువాళ్లకు తెలుగు అనువాదం పెడతారు. నొప్పి తగ్గించుకోవడానికి వెళ్లినవాణ్ని నొప్పి కోసం రావద్దని తిప్పి పంపడం నాకు మొదటి రోజు అన్యాయంగా తోచింది. ఆరో రోజుకు అర్థమైంది.

మొదటి మూడు రోజులూ ఊపిరి. ముక్కు పుటాల కింద, పై పెదవి మీద ఊపిరి తగిలే చోటును గమనించడం, అంతే. ఊపిరిని ఆపకూడదు, పొడిగించకూడదు. రెండు నిమిషాలు నిలవదు మనసు. నాకైతే మన ఇంటి చింతచెట్టూ, మామయ్య పెళ్లినాటి గొడవా, పాత జీతాల బాకీలూ అన్నీ వచ్చాయి. నాలుగో రోజు అసలు విపశ్యన చెప్పారు. నడినెత్తి నుంచి కాలి బొటనవేలి దాకా చర్మం మీదా లోపలా ఎక్కడెక్కడ ఏమేమి తెలుస్తోందో వరసగా చూసుకుంటూ పోవాలి. ఆ రోజు నుంచి దినానికి మూడుసార్లు అధిష్ఠానం. గంటసేపు చెయ్యి విప్పకుండా, కాలు చాపకుండా, కళ్లు తెరవకుండా కూర్చోవాలి.

నా మోకాళ్ల సంగతి నీకు తెలుసు. ఇరవై నిమిషాలకే కుడి మోకాలి చిప్ప కింద ఎవరో కొరివి తోసినట్టయింది. నాకు తెలిసిన విద్య నేను వాడాను. అనంతపురంలో యోగా తరగతిలో నేర్పారు కదా, మోకాలి మీద మంచుగడ్డ ఉందనుకో, దాని చలి లోపలికి ఇంకుతోందనుకో అని. అది ముంగేరులో స్వామి సత్యానంద సరస్వతి తీర్చిదిద్దిన యోగనిద్ర నుంచి వచ్చిన పద్ధతే. ఒళ్లు బరువెక్కిందని భావించు, ఇప్పుడు దూదిలా తేలికైందని భావించు, వేడి, ఇప్పుడు చలి. రాత్రిపూట పడుకుని చేస్తే నాకది ఎంతో మేలు చేసింది, నిద్ర పట్టేది. ఇక్కడా మంచుగడ్డను ఊహించాను. రెండు నిమిషాలు చల్లబడింది. తగ్గిందా లేదా అని మోకాలిని అడిగాను. అడగగానే మంట రెట్టింపైంది. మళ్లీ మంచు, మళ్లీ అడగడం. గంట గడిచేసరికి నొప్పికన్నా దానితో పెట్టుకున్న పోట్లాటే నన్ను ఎక్కువ అలసగొట్టింది.

మధ్యాహ్నం ప్రశ్నలు అడగడానికి ఆచార్యుల దగ్గరకు వెళ్లనిస్తారు. చెప్పాను. ఆవిడ చిన్నగా నవ్వి, ఇక్కడ ఊహ కలపొద్దండి, ఉన్నది ఉన్నట్టు చూడండి చాలు, అన్నారు. అంతకుమించి ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు.

అసలు సంగతి ఆరో రోజు సాయంత్రం జరిగింది. చిప్ప కింద కొరివి మామూలుగానే మొదలైంది. తగ్గించాలని చూడటానికి కూడా ఓపిక లేదు. సరే, అసలు ఏముందక్కడ అని చూశాను. నొప్పి అనేది ఒకటి లేదక్కా. చిప్ప పై అంచున లాగుడు ఉంది. లోపల సలుపు ఉంది. వెనక నరం దగ్గర తీపు. పిక్కలో తిమ్మిరి. ఒకచోట సూదిపోటు వచ్చి పోతోంది. వీటిలో ఏ ఒక్కటీ భరించలేనిది కాదు. ఏదీ ఒక్కచోట నిలవలేదు కూడా. సలుపు ఉన్నచోట కాసేపటికి వెచ్చదనం, వెచ్చదనం ఉన్నచోట చీమలు పారినట్టు. అన్నిటినీ కలిపి ముద్దచేసి, "నా నొప్పి" అని పేరు పెట్టి, అది పోవాలని కూర్చున్నది నేనే. గంట మోగింది. ఇంకో పది నిమిషాలు లేవలేదు నేను. మోకాలు బాగైపోలేదు, లేచేటప్పుడు కుంటుకుంటూనే లేచాను. కాని ఏడుపు ఆగలేదు, అది బాధ వల్ల వచ్చిన ఏడుపు కాదు.

మన అమ్మ మాటలు గుర్తొచ్చాయి. అమ్మ ఎన్నడైనా ఉత్త "నొప్పి" అన్నదా? కాళ్లు పీకుతున్నాయనేది. నడుం లాగుతోందనేది. పన్ను సలుపుతోంది, చెవి పోటు, కళ్లు మంట, ఒళ్లు నలత, చెయ్యి జివ్వుమంది, మెడ పట్టేసింది, కడుపులో తిప్పుతోంది, గుండెల్లో కలుక్కుమంది. పొద్దుపోయాక కాళ్లు తీపులు తీస్తున్నాయి పట్టు అని మనల్ని పిలిచేది. ఒక్కొక్క బాధకూ ఒక్కొక్క పేరు, దానికి తగ్గ చిట్కా. 1975లో రొనాల్డ్ మెల్జాక్ అనే కెనడా పండితుడు రోగుల నుంచి ఇట్లాంటి మాటలే ఏరి, 78 మాటలతో మెక్‌గిల్ ప్రశ్నావళి తయారుచేశాడు. నొప్పి ఎంత అని మాత్రమే కాదు, ఎట్లాంటిది అని అడగాలని వైద్యులకు నేర్పింది ఆ పట్టిక. మన ఇళ్లలో ఆడవాళ్లు ఆ పట్టిక నోటితో చెప్పగలరు. మనం చదువుకుని ఆ మాటలన్నీ వదిలేసి "పెయిన్" అనే ఒక్క మాట పట్టుకున్నాం. దానితో పాటు బాధను విడదీసి చూసే అలవాటు కూడా పోయిందని నాకు గట్టిగా అనిపిస్తోంది.

శిబిరం అయ్యాక మరునాడు గుంటుపల్లి పోయాను. కామవరపుకోట దగ్గర జీలకర్రగూడెం పక్కన కొండ. క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దం నాటి నుంచి బౌద్ధ భిక్షువులు ఉన్న చోటు. రాతిలో తొలిచిన గుండ్రటి చైత్యం ఒకటుంది. లోపలికి పోయి తల ఎత్తితే పైకప్పు మన గుండ్రటి గుడిసెలాగే ఉంది. వాసాలూ, అడ్డకర్రలూ, అన్నీ రాతిలో చెక్కారు. కర్ర ఇల్లు తప్ప తెలియని చేతులు మొదటిసారి రాతిని పట్టుకుని, తెలిసిన ఇంటినే చెక్కుకున్నాయి. మధ్యలో స్తూపం. దాన్ని ఊరివాళ్లు ధర్మలింగేశ్వరుడని కొలుస్తారు. కొండ వాలులో భిక్షువుల గదులు, ఒక మనిషి పడుకోవడానికి సరిపడేవి. వానాకాలం మూడు నెలలు ఇక్కడ కదలకుండా ఉండేవాళ్లు. రాతి నేల మీద కూర్చుంటే వాళ్ల మోకాళ్లూ నా మోకాలిలాగే లాగి ఉంటాయి. మెత్త లేకుండా ఒక గదిలో కాసేపు కూర్చుని వచ్చాను.

విజయరాయికి దగ్గరలోనే ఉంది పెదవేగి. ఈ పల్లెటూరే ఒకప్పటి వేంగి. శాలంకాయనులూ, విష్ణుకుండినులూ, తూర్పు చాళుక్యులూ ఏలిన చోటు. ఏడో శతాబ్దంలో చైనా నుంచి హ్యూయన్‌త్సాంగ్ ఈ నగరానికి వచ్చాడు. నేను అనంతపురం నుంచి ఒక రాత్రి రైల్లో వచ్చినందుకే ఇంత రాస్తున్నాను, ఆయన ఎడారులూ మంచుకొండలూ దాటి వచ్చాడు. నగరానికి నైరుతిన ఒంటికొండ మీద రాతి స్తూపం ఉందనీ, దిఙ్నాగుడు తర్కశాస్త్రం రచించింది అక్కడేననీ రాసుకున్నాడు. ఈ దిఙ్నాగుడు ఏం చెప్పాడో తెలిస్తే నీకూ ఒళ్లు జలదరిస్తుంది. ప్రత్యక్షం అంటే కల్పన కలవని జ్ఞానం అన్నాడు. పేరూ, జాతీ, గుణం అంటూ మనసు జోడించేదంతా కల్పన. జోడించకముందు తగిలేది ప్రత్యక్షం. కాలేజీ రోజుల్లో తత్వశాస్త్రం పాఠంలో ఇది బట్టీ పట్టి మార్కులు తెచ్చుకున్నాను. ఆ మాటకు అర్థం తెలియడానికి నలభై ఏళ్లూ, ఒక మోకాలూ, ఒక జెల్ల ముల్లూ కావలసి వచ్చాయి. శనగగింజంత మంట ప్రత్యక్షం. చెయ్యంతా కాలిపోతోందన్నది కల్పన. సలుపు, తీపు అన్న అమ్మ మాటలు కూడా పేర్లే కదా అంటావేమో. పేర్లే. కాని పెద్ద పేరు నుంచి చిన్న పేరుకు, చిన్న పేరు నుంచి పేరు లేని తాకిడికి దిగడానికి అవి మెట్లలా పనికొచ్చాయి నాకు.

ఇప్పుడు గూడెంలో చిన్నమ్మ కూతురింట్లో ఉన్నాను. తాడేపల్లిగూడెం అని పూర్తిగా ఎవరూ అనరు, గూడెమే. ఉల్లి మార్కెట్టు చూసి వచ్చాను. మన కర్నూలు ఉల్లిపాయలు లారీలకు లారీలు ఇక్కడికొస్తాయి. ఊళ్లో రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే ఇంకా ఉంది. 2015లో వచ్చిన ఎన్‌ఐటీలో ఆ చెల్లెలి కూతురు చదువుతోంది. పది రోజుల సంగతీ వినిపిస్తే, "పెద్దమ్మా, నీకు అనిపించింది సరే, రుజువేది?" అని పట్టుకుంది. రాత్రి రెండు దాకా ఇద్దరం వాదులాడుకున్నాం. మంచి పిల్ల, ఊరికే కొట్టిపారెయ్యదు.

ముందు గూగూడు సంగతి ఎత్తింది. కుళ్లాయిస్వామి పీర్ల పండక్కి నిప్పుల గుండం తొక్కుతారు కదా, అదీ ధ్యానమేనా అని. అక్కడ పాదాన్ని కాపాడేది చాలావరకు బొగ్గు స్వభావమే. బొగ్గూ దాని మీది బూడిదా వేడిని వేగంగా వదలవు, పాదం సెకను కూడా ఆనదు. భక్తి చేసే పని ఆ మొదటి అడుగు వేయించడం. అది చిన్న పనేమీ కాదు. అయినా నేను చెప్పేది దాన్ని గురించి కాదు.

రన్‌వే మీద నడుస్తున్నప్పుడు యుద్ధం మాట వచ్చి, హెన్రీ బీచర్ గురించి తనే చెప్పింది. 1944లో ఇటలీలోని ఆంజియో యుద్ధరంగంలో పనిచేసిన అమెరికా మత్తు వైద్యుడు. ఘోరంగా గాయపడ్డ సైనికుల్లో నాలుగింట మూడొంతుల మంది నొప్పి మందు వద్దన్నారని రాశాడు. గాయం అంటే వాళ్లకు యుద్ధం అయిపోయిందని, ఇంటికి పోతామని అర్థం. అంత గాయమే ఊళ్లో రోడ్డు మీద తగిలితే మనిషి అల్లాడిపోతాడు. గాయం కొలతా బాధ కొలతా ఒకటి కాదు. 

మరి కూర్చుని నేర్చుకున్నది కొలిచారా? కొలిచారు. 2011లో అమెరికాలో ఫదేల్ జైదాన్ బృందం పదిహేను మందికి, రోజుకు ఇరవై నిమిషాల చొప్పున, నాలుగు రోజులు ఊపిరి మీద ధ్యానం నేర్పింది. పిక్కకు 49 డిగ్రీల వేడి తగిలిస్తూ మెదడును స్కాన్ చేశారు. ధ్యానంలో ఉన్నప్పుడు నొప్పి తీవ్రత 40 శాతం, దాని వల్ల కలిగే బాధ 57 శాతం తగ్గినట్టు వాళ్లు చెప్పారు. ఈ రెండు అంకెలు వేరు వేరుగా ఉండటం చూడు అక్కా. మంట తగ్గినదానికన్నా, మంట చెడ్డదన్న బాధ ఎక్కువ తగ్గింది. ఆరో రోజు నా మోకాలు చెప్పిందీ ఇదే. పదిహేను మంది చాలా తక్కువ అని పిల్ల అన్నది. నిజమే, ఒప్పుకున్నాను.

ఊహ చేసే పనిని తక్కువ చెయ్యకూడదని కూడా అప్పుడే తెలిసింది. 1932లో బెర్లిన్ వైద్యుడు యోహాన్నెస్ షుల్ట్స్, చెయ్యి బరువెక్కింది, వెచ్చబడింది అని లోలోపల చెప్పుకునే పద్ధతిని పుస్తకంగా రాశాడు. 1970లో స్వామి రామా అమెరికాలోని టొపీకాలో మెనింజర్ సంస్థ పరిశోధకుల ముందు ఒకే అరచేతిలో రెండు చోట్ల వేడిలో సుమారు 10 ఫారన్‌హీట్ డిగ్రీల తేడా తెచ్చి చూపాడు. 1982లో హెర్బర్ట్ బెన్సన్, ధర్మశాల దగ్గర ముగ్గురు టిబెటన్ సాధువులను పరీక్షించి, వాళ్ల వేళ్ల ఉష్ణోగ్రత 8.3 సెల్సియస్ డిగ్రీల దాకా పెరిగిందని ప్రకటించాడు. బొడ్డు దగ్గర జ్వాల రగులుతున్నట్టు భావించే తుమ్మో సాధన అది. 2013లో మరియా కొజెవ్నికోవ్ బృందం దాన్ని ఇంకా విడదీసి చూసింది. ప్రత్యేకంగా పట్టే ఊపిరి వల్ల వేడి పుడుతుంది, జ్వాలను ఊహించడం తోడైతే ఆ వేడి ఎక్కువసేపు నిలుస్తుంది, ఒంటి లోపలి వేడి 38.3 డిగ్రీల దాకా పోయింది. కొంగ కాళ్లలోలాగే మన వేళ్లలోనూ పనంతా నెత్తుటి గొట్టాలదే, అవి విప్పారితే వేడి చేరుతుంది, బిగిస్తే ఆగుతుంది. వాటి మీద మనకు హక్కు లేదనుకుంటాం. కొంత ఉంది. ఏళ్ల తరబడి సాధన చేసినవాళ్లకు ఇంకా ఎక్కువ ఉంది.

కాబట్టి దారులు రెండు. ఊహతో ఒంటిని మార్చడం ఒకటి. ఒంటిని మార్చకుండా, ఉన్నదాన్ని ఏమీ కలపకుండా చూడటం రెండోది. మొదటిది నిద్రకూ, బెంగకూ, చేతులు చల్లబడినప్పుడూ మంచిదని నా అనుభవం, దాన్ని నేను మానను. గట్టి నొప్పి ముందు మాత్రం నేను వాడితే అది ఓడిపోయింది, ఎందుకంటే ప్రతి నిమిషమూ ఫలితం అడిగాను. రెండోది ఫలితం అడగవద్దంటుంది. ఊ బా ఖిన్ తలనొప్పి కోసం రావద్దన్నది కటువుతనం కాదు. పోవాలని కూర్చుంటే చూడటం కుదరదు.

ఇక నీ ప్రశ్న. తలపోటును ధ్యానంతో ఆపొచ్చా? పోటును ఆపుతానని ఎవరైనా హామీ ఇస్తే నమ్మొద్దు. గోయెంకాకు ఆ తలనొప్పి పోయిందని ఆయనే చెప్పుకున్నాడు, అందరికీ పోతుందని అనలేదు. కానీ పోటు వస్తుందేమోనన్న భయంతో పెళ్లిళ్లకు పోవడం మానేశావు చూడు, ఆదివారం వచ్చిందంటే దుప్పటి కప్పుకుని ఎదురుచూస్తావు చూడు, ఆ భాగం తగ్గుతుంది. అందులో నాకు అనుమానం లేదు. నీ బాధలో సగానికి పైగా ఆ భాగమేనని, ముప్పై ఏళ్లుగా నీ తలపోటును చూస్తున్నదాన్ని, నేను చెప్పగలను.

రెండు జాగ్రత్తలు మాత్రం విను. నొప్పి కబురు తెచ్చే మనిషి. కొత్తగా వచ్చిన తలనొప్పి, చూపు మసకబారడం, ఛాతీలో బరువు, మాట తడబడటం, ఇవి కూర్చుని చూసేవి కావు, ఆసుపత్రికి పరుగెత్తవలసినవి. బావకు చక్కెర జబ్బు వల్ల అరికాళ్లు మొద్దుబారాయి కదా, ఆయనకు కావలసింది నొప్పి తగ్గించుకోవడం కాదు, రోజూ పాదాలు చూసుకోవడం. ఆయనకు చెప్పు. రెండోది, మనసుకు సంబంధించిన గట్టి జబ్బు ఉన్నవాళ్లకు ఈ పది రోజుల మౌనం మంచిది కాదు. దరఖాస్తులోనే అడుగుతారు, దాచకుండా రాయాలి.

నీ దరఖాస్తు నేను నింపి పంపుతున్నాను, సంతకం పెట్టడమే తరువాయి. అంతకుముందు అనంతపురంలో నరాల డాక్టరుకు ఒకసారి చూపించుకుని, నువ్వు వాడే మాత్రల పేర్లన్నీ రాయించుకో, అవి ఆపకుండానే రావచ్చు. రెండు దుప్పట్లూ, కూర్చోవడానికి నీ పాత మెత్తా తెచ్చుకో. ఏలూరు స్టేషన్లో నేను నిలబడి ఉంటాను. పది రోజులు నీతో ఒక్క మాట కూడా మాట్లాడను. పదకొండో రోజు నిన్ను కొల్లేరుకు తీసుకుపోతాను. మావులో చెయ్యి మాత్రం పెట్టకు.

నీ చెల్లెలు